గడప దాకా వచ్చిన టీచరు

శీర్షిక: లెక్కాపత్రం

గత సంచికలో ఇంటి ఖర్చుల పద్దు గురించి రాసిన వ్యాసానికి నలుగురైదుగురు పాఠకులు ఉత్తరాలు రాశారు. అందరికీ కృతజ్ఞతలు. బరంపురం నుంచి ఒక సోదరి మాత్రం "ఎప్పుడూ రూపాయల లెక్కలేనా, ఇంకే లెక్కలూ లేవా మీ దగ్గర?" అని చిన్న చురక వేశారు. నిజమే. అందుకని ఈసారి రూపాయలు పక్కన పెట్టి, ఒక సెకనులో నూరోవంతు లెక్క చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బ్యాంకులో అన్నీ చేతిరాత లెడ్జర్లే. సాయంత్రం పుస్తకాలు సరిపోకపోతే, తేడా ఒక్క పైసా అయినా సరే, రాత్రి ఎనిమిదయినా తొమ్మిదయినా కూర్చుని పట్టుకోవలసిందే. "ఆ పైసా నేను వేస్తానండీ, ఇంటికి పోదాం" అని ఎవరైనా అంటే మేనేజరుగారు ఒప్పుకునేవారు కాదు. పైసా ముఖ్యం కాదు, అది ఎక్కడ పోయిందన్నది ముఖ్యం అనేవారు. అలాంటి తేడా ఒకటి మన దేశపు పద్దులో నలభై ఏళ్ళకు పైగా అలాగే ఉండిపోయింది.

1984 ఆగస్టు 8. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్. ఆడవాళ్ళ 400 మీటర్ల హర్డిల్స్ ఫైనలు. ఒలింపిక్స్‌లో ఆ పందెం పెట్టడం అదే మొదటిసారి. మొదట ఒక తప్పుడు స్టార్టు జరిగి పందెం మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. మొరాకో అమ్మాయి నవల్ ఎల్ ముతవకిల్ 54.61 సెకన్లలో ముగించి బంగారు పతకం అందుకుంది. అమెరికా అమ్మాయి జూడీ బ్రౌన్ రెండోది. మూడో స్థానం రుమేనియాకు చెందిన క్రిస్తియానా కోజొకారుది, 55.41. నాలుగో స్థానం మన పి.టి. ఉషది, 55.42. ఆమె వేగాన్నిబట్టి లెక్క వేసి చూశాను. ఆ నూరోవంతు సెకనులో మనిషి సాగే దూరం సుమారు ఏడు సెంటీమీటర్లు. నాలుగు వేళ్ళు పక్కపక్కన పెడితే ఎంతో అంత.

ఇదంతా మీలో చాలామందికి తెలిసిన కథే. నేను చెప్పబోయేది ఆ నాలుగు వేళ్ళ దూరం గురించి కాదు. అక్కడి దాకా ఆ అమ్మాయిని తీసుకువెళ్ళిన మనిషి గురించి. ఆయన పేరు ఓ.ఎం. నంబియార్.

పన్నెండేళ్ళ కిందట శాఖల తనిఖీ పనిమీద కొన్నాళ్ళు కోళికోడ్‌లో ఉన్నాను. ఒకరోజు కన్నూరుకు రైల్లో వెళుతుంటే కొయిలాండి దాటాక పక్కనున్న మలయాళీ సహోద్యోగి కిటికీలోంచి చూపించి, "సార్, ఇదే పయ్యోళి" అన్నాడు. చిన్న స్టేషను. కొబ్బరిచెట్లు, పెంకుటిళ్ళు. ఆ పక్కనే సముద్రం. మరికాసేపటికి వడకర వచ్చింది. "నంబియార్‌గారి ఊరు మణియూర్ ఈ దగ్గరే" అన్నాడు. ఉష పేరు చెప్పినప్పుడు అతని గొంతులో గర్వం వినిపించింది. నంబియార్ పేరు చెప్పినప్పుడు మాత్రం తన చదువుకున్న బడి మాస్టారి పేరు చెప్పినట్టు చెప్పాడు. ఆ తేడా నాకు బాగా గుర్తుండిపోయింది.

నంబియార్ 1932లో పుట్టారు. సుమారు పదిహేనేళ్ళు వైమానిక దళంలో పనిచేశారు. అక్కడ ఉండగానే అథ్లెటిక్స్‌లో పాల్గొన్నారు. తర్వాత పాటియాలాలోని జాతీయ క్రీడాసంస్థలో కోచ్‌గా శిక్షణ పొంది కేరళ స్పోర్ట్స్ కౌన్సిల్‌లో చేరారు. కేరళలో ఆటలకు పునాది వేసినవారు కర్నల్ గోదవర్మ రాజా. అందరూ జి.వి. రాజా అంటారు. ఆటగాళ్ళను బడి వయసులోనే పట్టుకోవాలన్నది అక్కడివారి ఆలోచన. బడికి ఆనుకుని హాస్టలు, ఉదయం సాయంత్రం సాధన, మధ్యలో అందరు పిల్లల్లాగే పాఠాలు, తిండికి సర్కారు డబ్బు. ఈ పద్ధతిలోనే 1976లో కన్నూరులో ఆడపిల్లలకు స్పోర్ట్స్ డివిజన్ పెట్టారు. దాని బాధ్యత నంబియార్‌ది.

ఆ కాలం ఒకసారి గుర్తు చేసుకోండి. ఆడపిల్లకు ఆటలేమిటి అని అడగని ఇల్లు అరుదు. అమ్మాయి పెద్దమనిషి అయిందంటే బడే మాన్పించేవారు, ఇక మైదానం మాట ఎక్కడిది? అలాంటి రోజుల్లో పన్నెండేళ్ళ ఆడపిల్లలను ఇల్లు విడిచి హాస్టలుకు పంపమని తల్లిదండ్రులను ఒప్పించాలి. వాళ్ళను నమ్మించాలి. నమ్మిన తర్వాత ఆ నమ్మకం నిలబెట్టాలి. గడియారం చేతపట్టుకుని మైదానంలో నిలబడటం కోచ్ పనిలో రెండో భాగం. మొదటి భాగం ఇళ్ళ గడపల దగ్గరే జరుగుతుంది.

ఉషను నంబియార్ మొదట చూసింది ఒక బహుమతుల సభలో. పందెంలో పరిగెత్తుతుండగా కాదు. సన్నగా ఉన్న ఆ అమ్మాయి చకచకా నడిచి వచ్చే తీరు చూసి, ఈ పిల్ల మంచి స్ప్రింటర్ అవుతుందని అనుకున్నానని ఆయనే తర్వాత చెప్పారు. చిన్నప్పుడు ఉష ఒంట్లో నలతగా ఉండే పిల్ల. ఇంట్లో కలిమి లేదు. సర్కారు నెలకు 250 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఆ కాలంలో అది తక్కువ డబ్బు కాదు, అలాగని పాలూ గుడ్లూ మాంసం అన్నిటికీ చాలే డబ్బూ కాదు.

రెండేళ్ళు తిరిగేసరికి, 1978లో కొల్లంలో జరిగిన జూనియర్ల అంతర్రాష్ట్ర పోటీలలో ఉష నాలుగు బంగారు పతకాలు గెలిచింది. వంద మీటర్లు, రెండువందల మీటర్లు, అరవై మీటర్ల హర్డిల్స్, ఎత్తు దూకడం. లాంగ్‌జంప్‌లో వెండి పతకం వేరే. ఈ జాబితాను నేను రెండుసార్లు చదివాను. పద్నాలుగేళ్ళ పిల్లను ఒక్క పందేనికే కట్టెయ్యలేదు. పరుగు, దూకుడు, హర్డిల్స్ అన్నీ చేయించారు. ఆరేళ్ళ తర్వాత ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ 400 మీటర్ల హర్డిల్స్ కొత్తగా వచ్చినప్పుడు ఆ పందేనికి కావలసిన సరుకంతా ఆ అమ్మాయి దగ్గర ఉంది. చిన్న డిపాజిట్లు చాలా ఏళ్ళ తర్వాత చేతికి వచ్చినట్టు.

మధ్యలో అన్నీ విజయాలేమీ కావు. 1980లో పదహారేళ్ళ వయసులో మాస్కో ఒలింపిక్స్‌కు వెళ్ళి మొదటి రౌండులోనే ఆగిపోయింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో వంద, రెండువందల మీటర్లలో రెండు వెండి పతకాలు వచ్చాయి. అక్కడి నుంచి దారి కాస్త మార్చి 400 మీటర్ల వైపు వచ్చారు. 1983లో కువైట్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారం దక్కింది. ఆ తర్వాతే హర్డిల్స్. లాస్ ఏంజెలెస్‌కు వెళ్ళేనాటికి ఉష ఆ పందెం పరిగెత్తింది లెక్కపెట్టుకునేటన్నిసార్లే. అక్కడి తిండి పడక అన్నపు గంజీ మామిడికాయ ఊరగాయతో సరిపెట్టుకున్నానని ఉష చాలా ఏళ్ళ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. మన ఇళ్ళల్లో జ్వరం వచ్చినవాళ్ళు తినే తిండి అది. దానితో ఒలింపిక్స్ ఫైనల్లో నాలుగో స్థానం!

నూరోవంతు సెకనులో పతకం పోయిన గురుశిష్యులు ఏం చేశారు? ఏడ్చి ఉంటారు. ఆ తర్వాత మళ్ళీ పయ్యోళి ఇసుకకే వచ్చారు. మరుసటి ఏడాది, 1985లో, జకార్తాలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఉష ఐదు బంగారు పతకాలు, ఒక కంచు పతకం గెలిచింది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో నాలుగు బంగారం, ఒక వెండి. తిరిగి 1988లో అదే సియోల్‌లో ఒలింపిక్స్ జరిగినప్పుడు మడమ గాయంతో మొదటి రౌండు దాటలేదు. రెండేళ్ళ కిందట పూలదండలు వేసిన దేశం అప్పుడు రాళ్ళు వేసినంత పని చేసింది. 1989లో ఢిల్లీలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మళ్ళీ నాలుగు బంగారం, రెండు వెండి పతకాలతో జవాబు చెప్పింది.

శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. మొట్టమొదట దానిని అందుకున్న ముగ్గురిలో నంబియార్ ఒకరు. ఆ ఏడే ఉషకు పద్మశ్రీ ఇచ్చారు. గురువుకు పద్మశ్రీ ప్రకటించింది 2021 జనవరిలో. ముప్పై ఆరేళ్ళ తేడా! అప్పటికి ఆయనకు ఎనభై ఎనిమిదేళ్ళు, ఆరోగ్యం బాగాలేదు. ఆ ఏడు ఆగస్టు 19న కన్నుమూశారు.

ఇంతవరకూ పేపర్లలో వచ్చినవి. ఇక మా ఇంటి మాట.

మాది హోసూరు. అప్పట్లో ధర్మపురి జిల్లా. నాయన పట్టుగూళ్ళ మార్కెట్టులో గుమాస్తా. అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది, ఆడపిల్లల హైస్కూల్లో చదివేది. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ జరిగిన ఏడు అక్క పదో తరగతి. పేపర్లో వచ్చిన ఉష బొమ్మను కత్తిరించి నోటుబుక్కు అట్ట లోపల అంటించుకుంది. ఆ ఏడే జిల్లా పోటీల్లో నాలుగువందల మీటర్లలో మొదటిది వచ్చింది. చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

వారం తర్వాత వాళ్ళ డ్రిల్లు టీచరమ్మ మా ఇంటికొచ్చింది. తిరుచ్చిలో రాష్ట్రం పోటీలు, నాలుగు రోజులు పంపమని అడగడానికి.

"అయ్యా, నేనే కూడా పోతాను. నా బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటాను" అన్నది.

నాయన కోపిష్టి కాదు. మెల్లగానే చెప్పాడు. "మీరు చెప్పేది బాగుంది మేడమ్. కానీ ఆడబిడ్డ కదా. నిక్కరేసుకొని పదిమంది ముందర పరిగెత్తిందని రేపు సంబంధాలొచ్చినప్పుడు ఎవరన్నా అడిగితే నేనేం చెప్పేది?"

ఆమె ఇంకోసారి అడిగింది. నాయన తల అడ్డంగా ఊపాడు. ఆమె వెళ్ళిపోయింది. అక్క ఏడవలేదు, వంటింట్లోకి పోయి బియ్యం ఏరుతూ కూర్చుంది. నేను ఎనిమిదో తరగతి వాణ్ణి. గుంజకానుకొని అంతా చూశాను. నాకు నాయన చెప్పింది సరైనదే అనిపించింది.

2021లో నంబియార్ పోయిన మర్నాడు అక్క కృష్ణగిరి నుంచి ఫోను చేసింది. "ఒరే, ఉషావాళ్ళ కోచ్ పోయినాడంటరా. పేపర్లో వేసినారు" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ దినం మా టీచరమ్మ గడప దగ్గరే నిలబడింది కదరా. కూర్చోమని మనింట్లో ఎవురూ అనలేదు. మంచినీళ్ళయినా ఇయ్యలేదు. అదే గుర్తొస్తా ఉంది" అంది.

ముప్పై ఏడేళ్ళ తర్వాత అక్క తిరుచ్చికి పోలేదని బాధపడలేదు, పతకం రాలేదని బాధపడలేదు. తన కోసం మా గడప దాకా వచ్చిన మనిషిని నిలబెట్టి పంపామని బాధపడింది.

అక్క మాట విన్నాక నా సంగతి నాకు గుర్తొచ్చింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా, అప్పటికి మేము బెంగళూరులో ఉన్నాము, స్కూలు డైరీలో పి.టి. టీచరు ఒక చీటీ రాసి పంపింది. అమ్మాయి పరుగు బాగుంది, ఉదయం సాధనకు గంట ముందు పంపితే బాగుంటుంది అని. దాని కింద "వచ్చే ఏడు బోర్డు పరీక్షలు ఉన్నందున వీలుపడదు, మన్నించగలరు" అని రాసి సంతకం పెట్టాను. వోచరు మీద పెట్టినంత సులువుగా. అమ్మాయిని అడగలేదు కూడా. నాయన కనీసం టీచరు ముఖం చూసి వద్దన్నాడు. నేను చదువుకున్నవాణ్ణి కనుక ముఖం చూడకుండానే వద్దన్నాను. సంబంధాల స్థానంలో మార్కులు వచ్చాయి, అంతే తేడా.

మన పిల్లల్లో సత్తా లేదనడానికి వీల్లేదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న అనే శిక్షకుడు పల్లెటూరి ఆడపిల్లలతో బరువులెత్తించారు. నలుగురు ఏమనుకుంటారో అని చూడకుండా ఒక తల్లి తన కూతుళ్ళను అటు పంపింది. ఆ కూతుళ్ళలో ఒకరే కరణం మల్లీశ్వరి. 2000 సంవత్సరంలో సిడ్నీలో 240 కిలోల మొత్తంతో కంచు పతకం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయ్యారు. మొన్న 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు గెలిచిన జీవాంజి దీప్తిది వరంగల్ జిల్లా కల్లెడ. ఊళ్ళో వాళ్ళు హేళన చేసిన ఆ పిల్ల పరుగును మొదట గమనించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. తర్వాత తీర్చిదిద్దింది ద్రోణాచార్య అవార్డు పొందిన నాగపురి రమేశ్. మూడు రాష్ట్రాలు, మూడు కాలాలు. కథ మాత్రం ఒకటే. ముందు ఒక మాస్టారు చూస్తాడు. తర్వాత ఒక ఇల్లు ఒప్పుకుంటుంది.

ఉష కూడా ఆ అప్పు ఎలా తీర్చాలో తెలిసిన మనిషి. 2002లో కొయిలాండిలో ఆడపిల్లల కోసం అథ్లెటిక్స్ పాఠశాల మొదలుపెట్టింది. తర్వాత అది కినాలూరుకు మారింది. అక్కడ తయారైన టింటు లూకా 2015 ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 800 మీటర్ల బంగారం గెలిచింది. 2022 డిసెంబరులో ఉష భారత ఒలింపిక్ సంఘానికి అధ్యక్షురాలయింది. ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ. ఇక 55.42 అన్న ఆ అంకె ముప్పై తొమ్మిదేళ్ళు మన జాతీయ రికార్డుగా అలాగే నిలిచింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కోయంబత్తూరు అమ్మాయి విత్యా రామ్‌రాజ్ సరిగ్గా 55.42లోనే పరిగెత్తి దాన్ని అందుకుంది.

చివరగా మన సంఘం పెద్దలకు ఒక విన్నపం. ప్రతి ఉగాదికీ మనం ఆటల పోటీలు పెడుతున్నాం. మగపిల్లలకు పరుగు పందెం, ఆడపిల్లలకు ముగ్గులు, కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ. అవి వద్దనడం లేదు. వాటితోపాటు ఆడపిల్లలకు కూడా ఒక రెండువందల మీటర్ల పరుగు పెడదాం. గడియారం పట్టుకుని నేను నిలబడతాను. రెండోది, ప్రతి ఏడూ ఒక కళాకారుణ్ణి, ఒక కవిని సన్మానిస్తున్నాం. ఈసారి మన పిల్లలు చదివే బడుల నుంచి ఒక వ్యాయామ టీచరును పిలుద్దాం. శాలువా కంటే ముందు కుర్చీ వేద్దాం.

పాఠకులకూ ఒక మాట. మీ అమ్మాయి డైరీలో అలాంటి చీటీ వస్తే వెంటనే సంతకం పెట్టకండి. ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మాయిని అడగండి. మర్నాడు వెళ్ళి టీచరుతో మాట్లాడండి. అంతా విన్నాక వద్దనాలనిపిస్తే అనండి, అది మీ ఇష్టం. కానీ ఆ టీచరు తనకు జీతం రాని పనికోసం మీ గడప దాకా వచ్చిందని మరచిపోకండి.

మా అక్క టీచరమ్మ కోసం ఈ మధ్య హోసూరులో వాకబు చేశాను. కాలం చేసి పదేళ్ళయిందట. ఆ మాట అక్కకు చెబితే, "అయితే ఉగాదికి నేనొస్తానురా. మీరు పిలిచే ఆ టీచరమ్మకు మంచినీళ్ళు నేనిస్తాను" అంది.

వచ్చే సంచికలో మళ్ళీ రూపాయల దగ్గరికే వద్దాం. బ్యాంకు ఖాతాకు నామినీ పేరు రాయకపోతే కుటుంబాలు పడే అవస్థల గురించి. ఉత్తరాలు రాస్తూ ఉండండి.